ఊటమడుగు శాంతకుమారి

తెలుగులో నీటికి క్రియలు చాలా ఉన్నాయి. పారడం, జారడం, ఇంకడం, కారడం, ఊరడం. వీటిలో చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. కుండకు చిల్లి పడితే నీరు కారుతుంది. చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. పోగొట్టుకునేవాడు కారిందంటాడు, పొందేవాడు ఊరిందంటాడు. ‘ఆడు’ నుంచి ‘ఆట’, ‘పాడు’ నుంచి ‘పాట’ వచ్చినట్టే ‘ఊరు’ నుంచి ‘ఊట’ వచ్చింది. ‘కారు’ నుంచి ‘కాట’ ఎందుకు రాలేదో వ్యాకరణం చెప్పదు. పిల్లలూ, ఈ ముచ్చట ఇక్కడ ఎందుకంటే, శాంతకుమారి జీవితం ఈ రెండు క్రియల నడుమనే గడిచింది.

మిర్యాలగూడ నుంచి బస్సులో అరగంట వెళితే ఆమె ఊరు వస్తుంది. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలిన పిల్లకాలువ ఒకటి ఆ ఊరికి ఎగువన పోతుంది. దాని మట్టికట్ట గుండా చెమర్చిన నీరు దిగువ పల్లంలో చేరి మడుగయింది. ఇంజనీర్లు దానిని లీకేజి అన్నారు. ఊరివారు ఊటమడుగు అన్నారు. ఆ మడుగులో పెరిగిన తుంగతో శాంతకుమారి చాపలు అల్లి సూర్యాపేట సంతలో అమ్మేది.

ఆ మడుగు అనాదిగా ఉన్నదేమీ కాదు. శాంతకుమారి అత్తగారి చిన్నతనంలో అది తంగేడూ పల్లేరూ మొలిచే మెట్టనేల. కాలువ వచ్చాక నేల చెమ్మగిల్లి, ముందు నాచు పట్టింది; తరువాత గడ్డి మొలిచింది. తుంగ గింజలు కొంగ కాళ్ళకు అంటుకుని వచ్చాయో, నీటిలో కొట్టుకువచ్చాయో తెలియదు. తుంగ దట్టమైన మీదట నత్తలు చేరాయి, చిన్న చేపలు చేరాయి, చివరికి నీటికోళ్ళు వచ్చి దుబ్బుల మధ్య గూళ్ళు కట్టుకున్నాయి. అంతవరకు చీపుర్లు కట్టి బతికిన అత్తగారు చాపలల్లడం నేర్చుకున్నది. నేల మారితే మొక్క మారింది, మొక్క మారితే పక్షి మారింది, మనిషి వృత్తీ మారింది.

అత్తగారి నుంచి శాంతకుమారికి అల్లికతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. దుబ్బును కోసే ముందు కొడవలి వెనకవైపుతో రెండు దెబ్బలు తట్టి, కాసేపు ఆగేది. లోపల నీటికోడి ఉంటే పిల్లలను తీసుకుని తప్పుకుంటుంది. ఆ తరువాతే కోత.

ప్రతి వేసవిలో కాలువ కట్టేసేవారు. మడుగు చాటంత అయ్యేది. వానాకాలం రాగానే మళ్ళీ నిండేది. ఒక ఏడు రెండో పంటకు నీరు వదలనే లేదు. మడుగు అడుగు నెర్రెలు బారింది, నీటికోళ్ళు లేచిపోయాయి. శాంతకుమారి ఆ ఏడు పత్తి ఏరడానికి కూలికి పోయింది. మరుసటి ఏడు నీరు రాగానే తుంగ తిరిగి లేచింది. దాని కాండం అల్లం కొమ్ములాగా మట్టిలో అడ్డంగా పాకుతూ ఉంటుంది. పైన ఎండినా లోపల ప్రాణం నిలుస్తుంది. బురదలో మూత బిగించుకుని పడి ఉన్న నత్తలు కదిలాయి, పక్షులు తిరిగి వచ్చాయి. పిల్లలూ, ఆవరణ వ్యవస్థ స్థిరంగా ఉన్నదని మీ పుస్తకంలో చదివినప్పుడు రాయిని ఊహించుకోకండి, ఊయలను ఊహించుకోండి. (ఉయ్యాల అని రాసినా తప్పు లేదు.) అటూ ఇటూ ఊగుతుంది, మళ్ళీ నడిమికి వస్తుంది. దానిని కట్టిన దూలం గట్టిగా ఉన్నంతకాలమే ఆ ఊగడం.

మూడేండ్ల క్రితం దూలమే కదిలింది. పిల్లకాలువకు సిమెంటు లైనింగు వేశారు. కట్ట చెమర్చడం ఆగిపోయింది. వానాకాలంలో మడుగుకు కొంత నీరు చేరింది గాని, దసరా నాటికే ఇంకిపోయింది. తుంగ మోకాలెత్తు లేచి పసుపుబారి వాలిపోయింది. ఇది ఎండిన ఏడు వంటిది కాదని శాంతకుమారికి అర్థమయింది. ఆ ఏడు నీరు రాలేదు. ఇప్పుడు నీరు వచ్చే దారే లేదు.

కోదాడ దగ్గర, అదే ఎడమ కాలువకు దిగువనున్న భూములలో, ఆమె కూతురు ప్రవళికను ఇచ్చారు. ఆ దీపావళికి ప్రవళిక ఫోన్ చేసింది.

“మా పొలం దాకా నీళ్ళొస్తున్నాయమ్మా. ఈ యేడు మోటారే పెట్టలేదు.”

“అవి నా నీళ్ళే బిడ్డా,” అన్నది శాంతకుమారి. “మంచిగ వాడుకోండ్రి.”

తల్లి ఎందుకట్లా అన్నదో ఆరా తీసిన మీదట, చాపలు చాలించి కోదాడ వచ్చేయమని కూతురు పోరు పెట్టింది. అల్లుడింట్లో ఉండడం ఇష్టం లేకపోతే మిర్యాలగూడ బియ్యం మిల్లులో ధాన్యం ఊడ్చే పని ఉండనే ఉన్నది. శాంతకుమారి ఒక మాట ఇచ్చింది: తుంగకు మరో చోటు చూస్తుంది; రెండో వానాకాలానికి కాడ నడుము దాటకపోతే మిల్లుకు పోతుంది. నడుమే ఎందుకంటే, చాపలో కాడలు అడ్డంగా పడతాయి. కాడ ఎంత పొడవో చాప అంత వెడల్పు. మోకాలెత్తు కాడతో కూర్చునే చాప అవుతుంది. మనిషి పడుకునే చాపకు నడుమెత్తు కావాలి.

నీరు నిలకడగా ఉండే చోటు ఒక్కటే కనబడింది. వరి మడుల నుంచి వదిలిన నీరు పోయే మురుగు కాలువ. దాని గట్టు ఆ ఊరి రైతు ఐలన్నది. ఐలన్నకు వరిపొలంతో పాటు గొర్ల మంద కూడా ఉన్నది. తుంగ నాటుకుంటానని ఆమె అడిగేసరికి ఆయన తన గోళ్ళు చూపించాడు.

“తుంగ పీకి పీకి నా గోర్లు అరిగినయ్. నువ్వు తెచ్చి నాటుతనంటవా? జర ఇగురంతోని, తెలివితోని మాట్లాడు శాంతమ్మా.”

“నీ మడిల తుంగ జానెడు లెవ్వదు ఐలన్నా. నాది నడుమెత్తు. రెండూ ఒక్కటే అయితే నీ కలుపుతోనే చాపలల్లుకుందును గద.”

“మరి పేరు ఒక్కటే ఎందుకు పెట్టిండ్రు?”

ఒకే మాటకు రెండర్థాలు ఉంటే నానార్థం అంటాం, పరీక్షలో మార్కులు వేస్తాం. పొలంలో అదే తగాదా అవుతుంది.

ఐలన్న చివరికి ఒప్పుకున్నది తన అవసరానికే. ప్రతి వానాకాలం ఆ గట్టు కోసుకుపోయి పొలంలోకి వస్తున్నది. పాకే వేర్లు మట్టిని పట్టుకుంటాయేమో చూద్దామనుకున్నాడు.

“గట్టు ఆపితే ఉంచుత. నా మడిల నీ తుంగ పోస ఒక్కటి కనవడ్డదో, మందు కొడ్త.”

ఎండిన మడుగు నుంచి తుంగ కొమ్ములు తవ్వి, తడి గోనెలో చుట్టి తెచ్చి, ఆమె గట్టు పొడవునా నాటింది. అవి నాటుకుని చిగుర్లు వేశాయి. అంతలో ఐలన్న వరిలో కలుపుమందు చల్లి, మడి నీటిని కాలువలోకి వదిలాడు. తూము దగ్గరి దుబ్బులు పసుపుపచ్చగా మాడిపోయాయి. శాంతకుమారి చూసి, ఎగువనున్న దుబ్బుల నుంచి కొమ్ములు విడదీసి ఖాళీలలో నాటింది. తరువాతి సారి మందు చల్లినప్పుడు ఐలన్న తూము మూసి, నీటిని మడిలోనే ఇంకనిచ్చాడు. ఆమె తుంగ కోసం కాదని, కాలువ నీరు గొర్లు తాగుతాయని అందరికీ చెప్పుకున్నాడు.

మొదటి ఏడు కాడ మోకాలు దాటలేదు. అన్నీ కూర్చునే చాపలే అయ్యాయి. ఆలోగా పాత మడుగులో గరిక అల్లుకుని, ఒక వైపు నుంచి తుమ్మ మొలకలు లేస్తున్నాయి. ఐలన్న గొర్లు ఇప్పుడు అక్కడే మేస్తున్నాయి. ఆమె మడుగు ఆయన బీడయింది. ఆయన మురుగు కాలువ ఆమె మడుగయింది. ఇద్దరూ అనుకుని మార్చుకున్నది కాదు.

రెండో వానాకాలం వెళ్ళాక, ఒక ఉదయం శాంతకుమారి కాలువలో దిగి దుబ్బు పక్కన నిలబడింది. గట్టు మీద ఐలన్న ఉన్నాడు. గట్టు ఆ ఏడు ఎక్కడా కోసుకుపోలేదు.

“వంగకు శాంతమ్మా. వంగితే గరిక గూడ నడుము దాటుతది.”

ఆమె నిటారుగా నిలబడింది. కాడ కొన నడుముకు బెత్తెడు పైన ఆగింది.

“ఇగ మిల్లుకు పోవా?” అన్నాడు ఐలన్న.

“పోను. చాప గావాలంటే ఇప్పుడే చెప్పు, సూర్యాపేటకు వట్టుకపోతె మళ్ళ దొరకది.”

ఆమె కొడవలి తిరగేసి, అలవాటుగా దుబ్బును రెండు దెబ్బలు తట్టింది. కాలువ ఇరుకు, నీటికోడి అక్కడ గూడు కట్టలేదు, కట్టదు కూడా. అయినా కాసేపు ఆగి, ఆ తరువాతే కోసింది.