కొసరు

పందొమ్మిదేళ్లుగా చలపతిరావు గారి అంబాసిడర్‌ని గంగరాజే నడిపాడు. ఇప్పుడది ముసలిదైంది. రెండు మైళ్లు వెళ్లేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి లేచేది, ఆరేసిన తెల్లచీర తీగ తెంచుకుని ఎగిరినట్టు.

కొత్త కారు వస్తోందని నూజివీడంతటికీ తెలుసు. దాన్ని ఎవరు నడుపుతారో ఎవరూ చెప్పలేదు. గంగరాజు అడగలేదు. అడిగితే నువ్వు కాదంటారేమోనని భయం.

పాతదాన్ని బెజవాడలో పాత ఇనుము కొనే చిన్నరాయప్పకి అమ్మేశారు. లారీకి కట్టి లాగించే ఖర్చుకి చలపతిరావు గారికి చెయ్యి రాలేదు. నీళ్లు పోసుకుంటూ నేనే తీసుకెళ్తానండీ అన్నాడు గంగరాజు. ఈ ఒక్క పనీ సవ్యంగా చేస్తే కొత్త స్టీరింగు తన చేతికే వస్తుందనుకున్నాడు.

బయల్దేరే పొద్దున షెడ్డులో కూలీలు మామిడికాయలు లెక్కపెడుతున్నారు. వందకి పైన ఊరికే వేసే కొసరు కాయలు, మచ్చపడ్డవి, పక్కన కుప్పగా ఉన్నాయి. చలపతిరావు గారు వాటిని చూశారు, కారుని చూశారు.

"కొసరేం వెయ్యలేదని చిన్నరాయప్ప నిష్ఠూరమాడుతున్నాడ్రా. నువ్వున్నావుగా."

కూలీలు నవ్వారు. అందరికంటే గట్టిగా గంగరాజు నవ్వాడు. అయ్యగారు తనతో వేళాకోళమాడి చాలా కాలమైంది.

డిక్కీలో పెట్టుకున్న ఆరు డబ్బాల నీళ్లూ ఆగిరిపల్లి చేరేలోపే అయిపోయాయి. బోరింగు కనబడిన ప్రతిచోటా ఆగి నింపుకున్నాడు. ఒకచోట తడి గోనెపట్టాతో రేడియేటర్ మూత తిప్పుతుంటే మరిగే నీళ్లు చిమ్మి కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. వేళ్ల కొసలతో స్టీరింగు పట్టుకుని, ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం అని కారుని బతిమాలాడు. తోటల నీడలు అద్దం మీద వాలి జారిపోయాయి, ఎవరో నుదురు నిమిరి వెళ్లిపోయినట్టు.

మధ్యాహ్నానికి కొట్టు చేరాడు. చిన్నరాయప్ప కారు చుట్టూ తిరగలేదు. గంగరాజు చుట్టూ తిరిగాడు.

"కొసరంటే నువ్వేనా? వయసు చెప్పలేదే రావు గారు. ఆ చెయ్యేంటి?"

గంగరాజుకి అర్థం కాలేదు. అప్పుడు చిన్నరాయప్ప నిదానంగా చెప్పాడు. కొత్త కారుకి ఏలూరు డ్రైవర్ని పెట్టుకున్నారట. ఇతన్ని ఇక్కడే ఏదో పనిలో ఉంచుకోమని పొద్దునే ఫోన్ చేశారట.

గంగరాజు బానెట్ మీద చెయ్యి ఆన్చాడు. ఇంకా కాలుతోంది. తియ్యలేదు.

చిన్నరాయప్ప సుత్తీ ఉలీ తెచ్చి అతని ముందు పడేశాడు.

"దీని సంగతి నీకే బాగా తెలుసుగా. ముందు రేడియేటర్ ఊడదియ్యి. చల్లారేదాకా ఆగక్కర్లేదు, ఎలాగూ కాలిన చెయ్యేగా."

గంగరాజు డిక్కీ తెరిచాడు. ఆఖరి డబ్బాలో మిగిలిన నీళ్లు రేడియేటర్లో పోసి, మూత బిగించి, సుత్తి అందుకున్నాడు.