రైల్వే జీతం, పోలీసు జీతం

కానిస్టేబుల్‌గా చేరకముందు రాసిన రైల్వే పరీక్ష ఫలితం, చేరిన రెండేళ్లకు వచ్చింది. కొత్తవలసలో గూడ్సు క్లర్కు ఉద్యోగం. చేతికొచ్చే జీతం ఇంచుమించు ఒకటే. మా ఆవిడ లెక్క వేరు. ఆమెది బాప్టిస్టు చర్చి కుటుంబం. పెళ్లయ్యాక డ్యూటీల మూలాన ఒక్క ఆదివారమూ నేను ఆమె పక్కన ప్రార్థనలో కూర్చున్నది లేదు.

"రైల్వేలో వారానికో రోజు సెలవంటగదా. ఆ రోజుకి ఎంత ఖరీదు కట్టిస్తారు మీవోళ్లు?" అంది.

ఆ నెలలోనే జిల్లా ఆఫీసు నుంచి మా స్టేషనుకో ఉత్తరం వచ్చింది. కుర్ర కానిస్టేబుళ్లు ఎందుకు మానేసి పోతున్నారో, వేరే శాఖల్లో ఎంత ఇస్తున్నారో సిబ్బందినే అడిగి, పోల్చి రాయమని. ఇన్‌స్పెక్టరుగారు పొద్దుటి హాజరులో చదివి వినిపించారు.

"మనసులో ఉన్నది సెప్పండి. ఎవుడి మీదా కోపం పెట్టుకోను," అన్నారు.

అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. నేను నోరు తెరిచాను. రైల్వేలో ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమిస్తారనీ, మాకు జాతర బందోబస్తులో తిండి కూడా వేళకు రాదనీ, జీతం పెంచకపోయినా వారానికో సెలవిస్తే సగంమంది ఆగిపోతారనీ చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. నాకు సంతోషమేసింది.

మర్నాడు, నన్ను రైల్వేకి వదలమని రిలీవింగు దరఖాస్తు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"ఓహో, నిన్న లెక్కలు సెప్పింది ఇందుకేట్రా?"

"పరీక్ష ఇక్కడ చేరకముందే రాసేను సార్."

"నిన్నొదిల్తే రేపు అందరూ అడుగుతారు. అక్కడ పెట్టి పో."

కాగితం ఆయన సొరుగులోంచి కదల్లేదు. ఎప్పుడడిగినా "సూస్తన్నాం కదా" అనేవారు. రైల్వేలో చేరడానికి వాళ్లిచ్చిన గడువు చివరి రోజున నాకు శ్రీకూర్మం గుడి దగ్గర డ్యూటీ వేశారు. ఎండలో భక్తుల్ని వరసలో నిలబెడుతుంటే, సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"ఒరే, నీ కాగితం మీద సంతకం పెట్టేసేను. వచ్చి అట్టుకుపో."

విశాఖపట్నంలో రైల్వే ఆఫీసు ఆ వేళకి మూసేస్తారని ఆయనకు తెలుసు. ఫోన్లో వెనక ఎవరో నవ్వారు.

మా ఆవిడ ఏడవలేదు. "రాజీనామా రాసి పారేసి పోవల్సింది," అంది. అలా పోతే శిక్షణ ఖర్చు కక్కమంటారని, కేసు కూడా పెడతారని భయపడ్డానని చెప్పాను.

"అయితే నిన్నుంచుకోడానికి జీతమెందుకు? భయం సాల్తాది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సిబ్బందికి జీతభత్యాల మీద ఏ అసంతృప్తీ లేదని జిల్లా ఆఫీసుకు జవాబు వెళ్లింది. టైపు చేసిన మా స్టేషను రైటరే నాకు చూపించాడు. ఆ తర్వాత మా బ్యాచిలో ఇంకో ఇద్దరికి వేరే ఉద్యోగాలొచ్చాయి. వాళ్లు ఎవరికీ చెప్పలేదు. ఓ పొద్దున డ్యూటీకి రావడం మానేశారంతే.

మరుసటేడు కొత్త నియామకాలకు పరుగు పరీక్ష పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు నన్ను మైదానం గేటు దగ్గర నిలబెట్టారు. కుర్రాళ్లు వచ్చి, "అన్నా, జీతమెంతొస్తాది?" అని అడుగుతున్నారు. ఆయన దగ్గరికొచ్చి నా కాలరు సర్దారు.

"నవ్వుతా సెప్పరా. రైల్వే ఉద్యోగమొదులుకుని మరీ మన దగ్గర ఉండిపోయినోడివి కదా."

నవ్వుతూనే చెప్పాను. ఎండ ముదిరేసరికి ఇద్దరు కుర్రాళ్లు పరుగులో పడిపోయారు. వాళ్లను నీడలోకి మోసే పనీ నాకే పడింది.