పాలరంగు ప్లాస్మా

2023 వానాకాలం. హన్మకొండలో నేను పనిచేసే ఆండ్రాలజీ క్లినిక్‌కు, అంటే మగవారి లైంగిక సమస్యలు, సంతాన సమస్యలు చూసే చోటికి, కొత్త సెంట్రిఫ్యూజ్ వచ్చింది. రక్తాన్ని గిర్రున తిప్పి పొరలుగా విడదీసే యంత్రం అది. పాతది తిరిగితే టేబుల్ మీది పెన్నులు కిందపడేవి. కొత్తది తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సిందే. ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు అప్పటికే పంతొమ్మిదేళ్ల అనుభవం. అయినా ఆ అట్టపెట్టె విప్పుతుంటే నా చేతులు ఆగలేదు. యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది కూడా నేనే.

అంత సంబరానికి కారణం ఉంది. మేం రీజెనరేటివ్ మెడిసిన్ మొదలుపెట్టబోతున్నాం. పాడైన కణజాలాన్ని శరీరం చేతనే బాగుచేయించాలని చూసే వైద్యం ఇది. అందులో మాది పీఆర్‌పీ. రోగి రక్తమే కొంత తీసి తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని తీసి, అంగస్తంభన సమస్య ఉన్నవారికి అక్కడే ఇంజెక్షన్ ఇస్తారు. గాయం మాన్పే ప్లేట్‌లెట్లు అక్కడి సన్నని రక్తనాళాలకూ మేలు చేస్తాయని ఆశ. "ఆశే, హామీ కాదు. పరిశోధన ఇంకా నడుస్తోంది" అని మా డాక్టరు గారు వచ్చినవారందరికీ చెప్పేవారు. నా ఉత్సాహంలో ఆ మాట నాకు సగమే వినపడేది.

మొదటి పేషెంట్‌ను సదానందం అంటాను, అసలు పేరు వేరు. నలభై ఒక్కేళ్లు ఉంటాయి. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ల్యాబ్‌లో ఆడమనిషిని చూడగానే మా దగ్గరికి వచ్చే మగవాళ్లలో సగం మందికి కిడ్నీలో రాయి వస్తుంది. ఈయనకూ వచ్చింది.

"కిడ్నీల రాయి ఉన్నట్టున్నదక్కా" అన్నాడు గోడకేసి చూస్తూ.

"మా దగ్గర కిడ్నీ డాక్టరే లేడన్నా. నీ ఫైల్ నేను చదివిన. ఫికర్ చెయ్యకు, చెయ్యి చాపు" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అయితే చెయ్యి మాత్రం చాపాడు.

రక్తం తీసి ట్యూబుల్లో పోసి యంత్రంలో పెట్టాను. అది ఆగేదాకా కుర్చీలో కూర్చోలేకపోయాను. మూత తీసి ట్యూబ్ పైకెత్తాను. అడుగున ఎరుపు బాగానే ఉంది. పైన పసుపు లేదు. గేదెపాలలా చిక్కగా, తెల్లగా ఉంది. వెనుక వేలు పెడితే వేలు కనపడలేదు. రక్తంలో కొవ్వు విపరీతంగా ఉంటే ప్లాస్మా ఇలా అవుతుంది. లైపీమిక్ శాంపిల్ అంటాం. పుస్తకంలో బొమ్మ చూశాను, ఒకటి రెండు సార్లు కాస్త మసకగా ఉన్న శాంపిళ్లు చూశాను. ఇంత తెల్లటిది మాత్రం ఎన్నడూ చూడలేదు.

"పొద్దున ఏం తిన్నవన్నా?"

"రక్తం బలంగ ఉండాలెనని రెండు గిన్నెల మేకకాళ్ల పాయా తాగొచ్చిన అక్కా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాయా వల్లే అయితే బాగుండునని ఆశపడుతూనే ఆయన వేలు గుచ్చి షుగర్ చూశాను. మీటర్‌లో మూడువందల ఎనభై వచ్చింది. గబగబా ఫైల్ తిరగేస్తే షుగర్ మామూలుగా ఉందన్న రిపోర్టు ఉంది. దాన్ని ఆయనే బయటి నుంచి తెచ్చాడు. తేదీ చూస్తే ఏడాది పైమాటే. చూడాల్సింది నేను. కొత్త యంత్రం మోజులో చూడలేదు. ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగానే ఉంటుంది.

అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటపడింది. ఆయనకు ముందు నుంచే షుగర్ ఉంది. అది మందులతో అదుపులో ఉన్నప్పటిది ఆ పాత రిపోర్టు. గోలీలు వేసుకుంటున్న రోజుల్లోనే ఈ ఇబ్బంది కొంచెంగా మొదలైంది. మగతనాన్ని తినేసేవి ఆ గోలీలేనని తోటి నేతగాడొకాయన చెప్పాడు. ఈయన ఎనిమిది నెలల కిందట వాటిని మానేశాడు. దాంతో షుగర్ పెరిగింది, దానితో ఇబ్బందీ పెరిగింది.

డాక్టరు గారు ట్యూబ్ చూసి ఇంజెక్షన్ ఆపేశారు. "రేపు పొద్దున ఏమీ తినకుండా రండి. మళ్లీ చూద్దాం" అన్నారు.

సదానందం కుర్చీలోంచి లేవలేదు. "ఆదివారం లోపల పని కావాలె సార్" అన్నాడు.

"ఇంజెక్షన్ ఇచ్చినా ఆదివారానికి ఏమీ కాదు. వారాలు, నెలలు పడుతుందని మొదటి రోజే చెప్పాను కదా."

ఆ రోజు గురువారం. డాక్టరు గారు పక్క గదికి వెళ్లాక సదానందం నాతో చెప్పాడు. ఆయన భార్య స్వరూప నెల కిందట ములుగు దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది. మొగుడు దగ్గరికి రావడం లేదంటే ఇంకొకతె ఉందని ఆమె అనుకుంది. వచ్చే ఆదివారానికి కులపెద్దలు పంచాయితీ పెట్టారు. అక్కడ ఆమె విడిపోతానంటే అంతే.

"అట్లాంటిదేం లేదని చెప్పరాదు?" అన్నాను.

"మరెందుకని అడుగుతరు గదక్కా. ఇంకో ఆడిది ఉన్నదంటే తిట్టి ఊకుంటరు. గీ ముచ్చట తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? ఉన్నదనే ఒప్పుకుంట."

చెయ్యని తప్పు మీద వేసుకుని భార్యను పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు మనిషి. నాకు కోపం ఆగలేదు. "నీకు వచ్చింది షుగరన్నా. నీ నరాలు, నాళాలు అలిసిపోయినయ్. ఇందుల ఇజ్జత్ ఎక్కడున్నది?" అని కసిరాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం పరగడుపున వచ్చాడు. యంత్రం ఆగింది. పాయా లేకపోయినా ప్లాస్మా తెల్లగానే ఉంది. ఆయన ఆ ట్యూబ్‌ను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇన్ని నెలలు తనలో ఏదో మాయమైందనుకున్న మనిషికి తన రోగం మొదటిసారి కంటికి కనపడింది.

"ఇది ఆమెకు సూపిస్తవా అక్కా?" అన్నాడు.

"నువ్వు పిలిస్తేనే సూపిస్త. నీ అనుమతి లేకుంటే ఎవ్వలకూ ఒక్క మాట చెప్ప."

బయట మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాడు. శనివారం పదకొండింటికి స్వరూప ములుగు బస్సు దిగి వచ్చింది. సదానందం ల్యాబ్ తలుపు దగ్గరే ఆగిపోయి చేతులు కడిగే తొట్టి వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఫ్రిజ్‌లోంచి ట్యూబ్ తీసి చూపించాను. మామూలు ప్లాస్మా ఎలా ఉంటుందో తెలియడానికి నా రక్తంతో చేసిన పసుపు ట్యూబ్ కూడా పక్కన పెట్టాను. షుగర్ ఏం చేస్తుందో, గోలీలు మానేస్తే ఏమవుతుందో, పడకింటి ఇబ్బంది దానివల్ల ఎలా వస్తుందో దాచకుండా చెప్పాను. ఆమె రెండు ట్యూబుల వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అంటే ఎవ్వలు లేరా?"

"ఎవ్వలు లేరు."

"మరి గిన్ని నెలలు మగ్గం కాడ ఎందుకు పండుకున్నవ్?"

"నీ పక్కకొస్తే నీకు తెలుస్తదని."

"తెలిస్తే ఏమైతుండె?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "రేపు పంచాయితీల నేనే చెప్త. షుగర్ ఎక్కువైంది, దవాఖానల సూపించుకుంటాండు, నేను ఇంటికి పోతాన అంట. అంతకన్న ఎక్కువ వాళ్లకెందుకు" అంది. పంతొమ్మిదేళ్లలో నేను ల్యాబ్‌లో ఏడ్చింది ఆ ఒక్కరోజే. సంతోషంతో ఏడ్చాను.

డాక్టరు గారు షుగర్‌కు, కొవ్వుకు మందులు మొదలుపెట్టారు. ఇలాంటి ఇబ్బంది గుండెజబ్బుకు ముందు సూచన కావచ్చని గుండె పరీక్షలూ చేయించారు. అదృష్టం, అంతా బాగానే ఉంది. స్వరూప పాయా బంద్ చేయించి జొన్నరొట్టె పెట్టింది. నాలుగు నెలల తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. ట్యూబ్ పైకెత్తితే ప్లాస్మా లేత పసుపు రంగులో తేటగా మెరిసింది. నేను దాన్ని పట్టుకుని డాక్టరు గారి గదిలోకి దాదాపు పరుగెత్తాను.

"ఇప్పుడు పీఆర్‌పీ చేయొచ్చు. చేద్దామా?" అన్నారు ఆయన.

సదానందం నోరు తెరిచేలోగానే స్వరూప "ఇగ అక్కర్లేదు సార్" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు ఫైల్‌లోకి తల దించి నవ్వు దాచుకున్నారు. నా యంత్రానికి దక్కాల్సిన మొదటి పేషెంట్ అలా జారిపోయాడు. పేషెంట్ జారిపోయినందుకు అంత ఆనందించడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఆ తర్వాత మా దగ్గర పీఆర్‌పీ కొంతమందికి చేశాం. మేలైందన్నవారు ఉన్నారు, తేడా తెలియలేదన్నవారూ ఉన్నారు. ఈ వైద్యం ఎక్కడిదాకా వెళుతుందో చూడాలని నాకు ఇప్పటికీ ఉబలాటమే. అయితే ఎవరొచ్చినా ముందు రిపోర్టుల మీద తేదీలు చూస్తాను. తర్వాత కుర్చీ దగ్గరగా లాక్కుని రెండు మాటలు అడుగుతాను: "ఏ గోలీలన్న బంద్ చేసినవా అన్నా? ఇంట్ల చెప్పినవా?"

రెండోది అడగ్గానే చాలామంది తల దించుకుంటారు. అప్పుడు సూది పక్కన పెట్టేసి, మాట్లాడటం మొదలుపెడతాను.