చర్చి బజారుకి ముందు రోడ్డేయించిన మా అత్త

మా అత్త చనిపోయిందన్న కబురు మన ఊరి వాట్సాప్ గ్రూపులో మొదట పెట్టింది నేను కాదు. చర్చి బజారు యోహాను. ‘సర్పంచ్ అత్త ఇక లేరు’ అని పెట్టాడు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తా దించి ఫోన్ తీస్తే అది కనపడింది. ఆమె మా నాన్నకి సొంత అక్క. నాకు సొంత మేనత్త. కానీ మండలాఫీసు మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడినప్పుడు పక్కనున్నది వాడు. ఆటోలో ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నది వాడు. అబద్ధం చెప్పను, ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది.

గ్రూపులో అందరూ ఆమె గురించి పెట్టారు. నేను పెట్టలేదు. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. తొమ్మిదితో బడి మానేశాను, రాయడం కూడా అంతంతే. పెద్దకర్మ అయ్యి చాలా రోజులైంది. ఇప్పుడు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అత్తకి పిల్లల్లేరు. మామయ్య పోయాక మా ఇంటి పక్క గదిలోనే ఉండేది. పొద్దున్నే అమ్మ ఇచ్చిన టీ నిలబడే తాగేది, అదీ సగమే. మిగతా సగం నేను తాగేవాణ్ణి. నాకోసమే వదులుతుందని అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, యోహాను వాళ్ళ నాయనమ్మ దగ్గర ఇంకో టీ తాగాలి కాబట్టి ఇక్కడ సగం ఆపేదట.

మాది పల్లపు బజారని మీకు తెలుసు. వానొస్తే ఊరి నీళ్ళన్నీ మా గడప దాకా వస్తాయి. కాలవ లేదు. అమ్మ మిర్చి గోతాలు మడిచి గడపకి అడ్డం పెట్టేది. అయినా లోపలికొచ్చిన నీళ్ళని చీపురుతో తోసేది. అత్త సర్పంచ్‌గా గెలిచిన రోజు అమ్మ బజారంతా స్వీట్లు పంచింది. ఇంక కాలవ వచ్చేసినట్టే అనుకున్నాం.

రాలేదు. పంచాయతీకొచ్చే డబ్బుతో ఏడాదికి ఒక్క పెద్ద పనే అవుతుందట. ఏది ముందో గ్రామసభలో చేతులెత్తి తేల్చాలి, తీర్మానం రాయాలి. తర్వాత ఇంజనీరు కొలిచి ఎస్టిమేటు వేస్తాడు. దానికి పైవాళ్ళు సరే అనాలి. ఆ తర్వాతే కాంట్రాక్టరు. ఇదంతా అత్త ఫోన్లో మాట్లాడుతుంటే విని నేర్చుకున్నాను. “తీర్మానం రాసినంత మాత్రాన మురిసిపోకండయ్యా, కాగితం మీద కాలవలో నీళ్ళు పారవు” అనేది అందరితో.

ఆ మొదటి సభలో యోహాను లేచాడు. నా ఈడువాడే. “మా బజారు పిల్లలు బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని బడికొస్తున్నారండి. కాళ్ళు కడుక్కురమ్మని టీచరుగారు బోరింగు దగ్గరికి పంపిస్తారు. సగం క్లాసు బోరింగు దగ్గరే అయిపోతుందండి” అన్నాడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు, వాడి వంకే చూసింది. “అట్లా చెప్పాలి అబ్బాయ్” అంది. అట్లా నా వంక ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడు చర్చి బజారు రోడ్డుకే ఎక్కువ చేతులు లేచాయి. మొదట లేచింది మా అత్త చెయ్యి.

ఇంటికొచ్చాక అమ్మ గిన్నెలు గట్టిగా పెట్టింది.

“సొంత తమ్ముడి కొంప మునుగుతుంటే ఊళ్ళో వాళ్ళకి రోడ్డా వదినా?”

“తమ్ముడి కొంపే ముందు పెట్టాననుకో, ఇంక నేను ఏ పని పెట్టినా ఎవడూ చెయ్యెత్తడే అమ్మాయ్.”

“ఎత్తకపోతే పోనీ! మాకు కాలవైనా మిగిలేది.”

అత్త నవ్వి, అన్నం పెట్టమంది.

రోడ్డు పని జరిగినన్నాళ్ళూ ఆమె మాకు కనపడలేదు. కాంట్రాక్టరు వెనకాలే తిరిగేది. “ఏమయ్యా, ఇందులో సిమెంటు వేశావా, ఊరికే చూపించావా?” అని అడిగితే అతను తల గోక్కునేవాడు. రోడ్డు పోశాక తడి ఆరకుండా గోతాలు కప్పాలంది. ఎక్కడివి? మా గడప దగ్గరివే పట్టుకుపోయింది. “గోతాలు కూడా వాళ్ళకేనా!” అని అమ్మ వెనకాల అరుస్తానే ఉంది. అవి చాలక కళ్ళాల దగ్గర పాత గోతాలు కూడా తెప్పించింది. అన్నీ మిర్చి గోతాలే. నీళ్ళు పడి ఎండ తగిలేసరికి ఆ ఘాటుకి చర్చి బజారంతా ఒకటే తుమ్ములు, దగ్గులు. యోహాను వాళ్ళ నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “రోడ్డేశావా సర్పంచమ్మా, పచ్చడి నూరావా?” అంది. అత్త తుమ్ముతూనే నవ్వింది. కళ్ళనిండా నీళ్ళు. మా ఇంట్లో అంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు. నేను బజారు మొదట్లోనే నిలబడి చూసి వచ్చేశాను.

పెద్దకర్మ అయిన తర్వాతి వారం మళ్ళీ సభ పెట్టారు. ఉపసర్పంచ్‌గారు నడిపించారు. ఈసారి మా కాలవ రావాలి. రాకపోతే మళ్ళీ వానాకాలం నీళ్ళలోనే. ఉపసర్పంచ్‌గారు గొంతు సవరించుకుని, “సర్పంచ్ అమ్మగారు పోయారు కాబట్టి పల్లపు బజారు కాలవ సంగతి నిదానంగా చూద్దాం. ముందు పంచాయతీ ఆఫీసుకి ప్రహరీ కట్టిద్దాం” అన్నారు. అమ్మ నా మోచెయ్యి పొడిచింది. లేవలేకపోయాను.

యోహాను వాళ్ళ నాయనమ్మ లేచింది. “అదెట్టా కుదురుద్దయ్యా? ఆవిడ మా గడప గడపకీ వచ్చి అడిగింది. ఈ ఏడు మీకు, పైయేడు పల్లపు బజారుకి మీరంతా చేతులెత్తాలి అని. టీ తాగి మరీ మాట తీసుకుంది. ఎత్తండ్రా!”

చర్చి బజారు మొత్తం ఎత్తింది. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ ఎత్తారు. ప్రహరీ పక్కకి పోయింది. మా కాలవకి తీర్మానం రాశారు.

అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం సంతోషం సగమే వచ్చింది. మాకోసం ఆమె గడప గడపకీ తిరిగి అడిగిన మాట వాళ్ళ దగ్గరుంది, మా దగ్గర లేదు. పక్క గదిలో ఉండి కూడా నాకు చెప్పలేదు. బయటికొచ్చాక యోహాను నా పక్కకొచ్చి, “ఆ రోజు మండలాఫీసుకి వెళ్ళింది మీ కాలవ గురించేరా శీనూ. తీర్మానం రాయగానే ఇంజనీరుని పంపమని ముందే అడగడానికి. నాకు బండుంది కదాని నన్ను రమ్మంది” అన్నాడు. నాకు బండి లేదు. దానిక్కూడా కుళ్ళుకున్నాను.

మొన్న ఇంజనీరు కొలతకి వచ్చాడు. యోహాను అప్పటికే వచ్చి, టేపు ఒక చివర పట్టుకుని మా బజారు ఆ చివర నిలబడ్డాడు. రెండో చివర పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇంజనీరు చుట్టూ చూసి టేపు నా చేతిలో పెట్టాడు.

“గట్టిగా లాగరా, మధ్యలో వేలాడుతోంది!” అని అరిచాడు యోహాను.

లాగాను. వాడూ లాగాడు. బజారు పొడవునా మా ఇద్దరి మధ్య టేపు బిగుసుకుని, గాలికి సన్నగా ఊగింది.