ఎండాకాలంల హీటర్

మొన్న ఆఫీసుకు పోతుంటే పటాన్‌చెరు దాటినంక నా కారు ముందటి నుంచి సన్నగ ఒక కూత వినబడ్డది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "వాటర్ పంపు పోతున్నది మేడం, ఇయ్యాల్నే మార్పియ్యాలె" అన్నడు. నాకు కోపం రాలే, నవ్వొచ్చింది. ఆయన నన్ను వింతగ చూసిండు. ఇంజన్‌ను చల్లగుంచే ఆ వాటర్ పంపు అంటే నాకు మా మేనత్త యాదికొస్తది మరి.

అత్తమ్మది ఇంద్రేశం. ఇప్పుడంటే అపార్టుమెంట్లు లేసినయ్ గానీ, అప్పుడు జొన్న చేన్ల నడుమ తెల్లరంగు హద్దు రాళ్లే ఉండేటివి. మామయ్య చాన ఏండ్లు ఒక ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నడిపి, ఆఖరికి ముచ్చటపడి పాత కారొకటి కొనుక్కున్నడు. దాన్ని ఆయన తుడిచినంత శ్రద్ధగ మా ఇండ్లల్ల పిల్లల మొఖాలు గూడ ఎవరూ తుడువలే. తర్వాత షుగర్ ముందు ఆయన చూపు తీసుకపోయి, వెనుక కిడ్నీల మీద పడ్డది. డయాలసిస్‌కు సంగారెడ్డి పోయి రావాలె. చుట్టాలందరు కారు అమ్మేయుమన్నరు. "అమ్ముడెందుకు, నేను నేర్చుకుంట" అన్నది అత్తమ్మ. అప్పటికే ఆమెకు మనుమలున్నరు.

నేర్పింది మామయ్యే. ఇండ్లు లేని లేఅవుట్ రోడ్ల మీద, పక్క సీట్ల కూసోని, కండ్లు కనబడని మనిషి చెవులతోనే నేర్పిండు. "గేరు ఏడుస్తున్నది, మార్చు" అనేటోడు. "గుంతల దించినవు, నాకు తెల్వదనుకోకు" అనేటోడు. "కనబడకుంటనే ఇంత సతాయిస్తున్నవు, కనబడితే బతకనిస్తుంటివా" అనేది అత్తమ్మ. వెనుక సీట్ల నేను నోరు మూసుకొని నవ్వేదాన్ని. ఒకటి రెండు హద్దు రాళ్లు పడ్డయి గానీ, నెలలు తిరగకముందే హైవే మీద లారీల నడుమ నుంచి ఆమె సంగారెడ్డి పోయొచ్చుడు మొదలువెట్టింది.

ఒక ఎండాకాలం పొద్దున నేను గూడ తోడు పోయిన. ముందటి సారి దవాఖానల మిషన్ చెడిపోయి మామయ్యకు డయాలసిస్ తప్పింది. కాళ్లు ఉబ్బినయ్, మాట మాటకు ఆయాసం. ఈసారి తప్పొద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. ఇస్నాపూర్ దాటినమో లేదో ఆయన చెయ్యెత్తి, "ఆగు, పంపు అరుస్తున్నది" అన్నడు. రోడ్డు పక్కకు ఆపి చూస్తే కింద పచ్చటి నీళ్లు చుక్కలు చుక్కలుగ కారుతున్నయ్, బానెట్ సందుల నుంచి ఆవిరి. అత్తమ్మ రేడియేటర్ దిక్కు పోయింది. అడుగుల చప్పుడు విని మామయ్య ఉన్నకాడి నుంచే కేకేసిండు: "మూత ముట్టకు! వేడినీళ్లు మొఖాన ఎగజిమ్ముతయ్."

నేను ఫోన్ల క్యాబ్ చూసిన. దగ్గరల ఒక్కటీ లేదు. ఆటోల కూసునే ఓపిక ఆయనకు లేదు. ఇంజన్ చల్లారేదాంక పక్కన చాయ్ బండి నీడల నిలవడ్డం. బండి నడిపే బీహారామె "లే జావో అమ్మా" అని బకెట్ నీళ్లు ఇచ్చింది. కొన్ని పోసి, మిగిలినయి సీసాలల్ల నింపుకొని అత్తమ్మ మళ్ల స్టీరింగ్ ముందట కూసున్నది.

"వద్దు, ఇంజన్ పట్టేస్తది. కారు ఇగ పనికి రాదు" అన్నడు మామయ్య.

"పోతె పోనియ్. నీకంటె ఎక్కువనా అది?"

ఆయన చెయ్యి చాపి డ్యాష్‌బోర్డు తడిమిండు. తర్వాత మెల్లగ అన్నడు: "హీటర్ మొత్తం పెట్టు. అద్దాలు దించు. ఇంజన్ వేడి కొంత మన మీదికొస్తది. వేడి చూపే ముల్లు పైకి లేస్తే ఆపు."

"ఎండాకాలంల హీటర్ ఏందయ్యా, ఉడకబెడతవా మమ్మల్ని?" అనుకుంటనే పెట్టింది. బయట ఎండ, లోపట పొయ్యి. ముల్లు లేసినప్పుడల్ల ఆపుడు, చల్లారనిచ్చుడు, నీళ్లు పోసుడు. వెనుక లారీలు హారన్లు కొట్టినా ఆమె తొందరపడలే. కంది ఊరు దాటేసరికి నేను ఏడుపుకొచ్చిన. ఆమె మాత్రం ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టి, నడుమ నడుమ ఆయన నుదుటి చెమట కొంగుతోని తుడుస్తున్నది.

దవాఖాన ముంగట దిగితే, చెరువుల మునిగి వచ్చిన్రా అన్నది నర్సు. మామయ్యను మిషన్ మీద పండుకోబెట్టినంక, అత్తమ్మ బయట బెంచీ మీద జెరసేపు గూడ కూసోలే. అట్లనే పోయి కారు మెకానిక్ దగ్గర పెట్టి, పంపు మార్పిచ్చుకొని వచ్చింది. ఇంజన్‌కు ఏం కాలే.

వచ్చేటప్పుడు మామయ్య వెనుక సీట్ల ఒరిగిండు. ఇల్లు చేరేదాంక ఒక్క తప్పు పట్టలే. నిద్రవోయిండనుకున్నం. వాకిట్ల కారు ఆగినంక, కండ్లు మూసుకొనే, "మంచిగ తోల్కొచ్చినవ్" అన్నడు. అన్ని నెలల్ల అదే మొదటి మెచ్చుకోలు. అత్తమ్మ తలుపు తీసి చెయ్యి అందించింది.

ఆ తర్వాత ఆయన ఇంకొన్నేండ్లు బతికిండు. అవి కష్టపు రోజులని అప్పుడు మేమందరం అనుకున్నం. ఆ ఇద్దరు ఆ రోజుల్ల ఎంత దగ్గర దగ్గర కూసున్నరో, కాలం ఇంత దూరం వచ్చినంకనే నాకు కనబడుతున్నది.