పెద్దసూది కుట్టిన వైపు

ఆ శనివారం పొద్దున పెద్దసూదికి ఒళ్ళు మండిన కారణం చెబితే మీరు నవ్వుతారు. నర్సమ్మ గుమ్మంలో నిలబడి గొడుగు ముడుస్తుంటే, అప్పటికే వచ్చి కూర్చున్నవాళ్ళంతా కుర్చీల్లోంచి లేచి ఎదురెళ్ళారు. అంతే సంగతి. ముందుగది ఖాళీ చేసింది తను. సోఫాని గోడవారకి నెట్టింది తను. కొయ్య చట్రం బిగించి, రెండు రోజులకి సరిపడా కూరలు తరిగిపెట్టి, ముందురోజే పరుపులు ఎండలో వేసింది తను. తన కోసం ఎవరూ లేవలేదు. సొంతింట్లో ఉన్న మనిషి కోసం ఎవరైనా ఎందుకు లేస్తారని అడక్కండి. ఓర్వలేనితనానికి న్యాయం, ధర్మం పట్టవు.

ఏటా ఒక శని ఆదివారాలు పెద్దసూది ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు చేరి, ఎవరికో ఒకరికి కానుకగా ఇవ్వడానికి ఒక బొంత కుడతారు. డ్రాయింగు టీచరు, రొట్టెల దుకాణం ఆవిడ, పోయినేడే కొత్తగా చేరిన నర్సమ్మ, మేడమీద కాపురముండే తోడికోడలు, తను. మొగుళ్ళిద్దరినీ, అంటే తన మొగుడినీ మరిదినీ, మేడమీదికి తోలేస్తారు. కింద అడుగుపెడితే సూది గుచ్చుతామని బెదిరిస్తారు. వాళ్ళకీ కావలసింది అదే.

పై గుడ్డ, మధ్యలో దూది, అడుగు గుడ్డ, మూడూ కలిపి చట్రానికి బిగిస్తారు. ఎవరి వైపు వాళ్ళు అంచు నుంచి కుట్టుకుంటూ, కుట్టిన మేర కర్రకి చుట్టుకుంటూ లోపలికి వస్తారు. ఆఖరికి రెండు అరచేతుల వెడల్పున నడిమధ్య చోటు మిగులుతుంది. అక్కడ ఒక పువ్వు. ఆ పువ్వు అందరూ కుట్టరు. అందరిలోకీ ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళే కుడతారు. ఈ అలవాటు మొదలైన నాటి నుంచీ ఆ పువ్వు మన పెద్దసూదిదే. అందుకే ఆ పేరు. నిజానికి ఆవిడ వాడేది అందరికంటే చిన్న సూది.

ఆ పేరు ఊరికే రాలేదు. పుట్టుకతో ఎడమచేతివాటం. కర్టెన్లు కుట్టే దుకాణంలో పనికి చేరిన రోజున మేస్త్రీ చూసి, "ఎడమచేత్తో పట్టుకునేది చీపురమ్మా, సూది కాదు," అన్నాడు. పెళ్ళిహాలు తెరలకి కింద మడత చేత్తో కుట్టమని ఇస్తే, మడత ఎక్కడుందో మేస్త్రీ తడిమి వెతుక్కునేలా కుట్టి ఇచ్చింది ఈవిడ. జుట్టు నెరిసేదాకా ఆ దుకాణంలోనే పని చేసింది. ఆవిడ మానేసిన రోజున అదే మేస్త్రీ, ముసలాడైపోయి, తన కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. కుడిచేతి కత్తెర. ఏం చేసుకోవాలో తెలియక బీరువాలో పెట్టింది.

తోడికోడలి సంగతి వేరు. అందరూ చిన్న అంటారు. ఈ ఇంటికి వచ్చేనాటికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేర్పింది పెద్దసూదే. నేర్పిందంటే, కుట్టించింది, చూసింది, "ఇవేం కుట్లే, కాకి కాళ్ళు," అంది. ఆ మాట అలాగే నిలిచిపోయింది. అందరూ నవ్వేవారు, చిన్న కూడా నవ్వేది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆదివారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, అంచు మడత వేసే పని ఉందని బొంత తన దగ్గరే ఉంచుకునేది పెద్దసూది. తలుపేసుకుని ఒక్కొక్కరి వైపూ చూసేది. బాగా లేని వరసలు విప్పేసి తన చేత్తో తిరిగి కుట్టేది. టీచరువి కొన్ని, రొట్టెలావిడవి చాలా, తోడికోడలివి మాత్రం మొత్తం. తరవాత బొంత చూసినవాళ్ళు "ఎంతమంది కుట్టినా ఒక్క చెయ్యి కుట్టినట్టుంది సుమా," అనేవారు. ఉండదూ మరి? ఈ గుట్టు తనకి తప్ప నరమానవుడికి తెలియదని ఆవిడ ధీమా.

ఇదిగో, ఇలా హాయిగా సాగుతున్న కాపురంలోకి నర్సమ్మ ఊడిపడింది. పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం. మెత్తగా మాట్లాడుతుంది, అందరి మోకాళ్ళ నొప్పులూ గుర్తుంచుకుని మరీ అడుగుతుంది. అదైనా క్షమించొచ్చు. కుట్టు కూడా బాగుంది. చీమలబారులా చిన్నగా, ఒకదాని వెనక ఒకటి. పోయినేడు పెద్దసూది తలుపేసుకుని చూసినప్పుడు ఆవిడ వైపు విప్పడానికి ఒక్క వరసా దొరకలేదు. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటే ఏమో అనుకుంది. ఆ వారమంతా అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర టీచరు అననే అంది.

"ఈసారి మధ్య పువ్వు నర్సమ్మ కుడితే ఎలా ఉంటుంది? నీకూ కాస్త విశ్రాంతి."

పెద్దసూది ముద్ద కంచంలో పెట్టేసింది. విశ్రాంతి అట. విశ్రాంతి అడిగిందా తను?

"అయ్యో, నాకెందుకండీ, అక్క ఉండగా," అంది నర్సమ్మ. ఆ వినయం చూస్తే ఇంకా మండింది.

"ఎవరో ఒకరిని అడిగి ఇచ్చేదేముంది, రేపు పొద్దున రెండు వైపులూ విప్పి చూడండి. ఎవరి కుట్టు బాగుంటే వాళ్ళదే పువ్వు," అంది పెద్దసూది, నవ్వు తెచ్చిపెట్టుకుని. చిన్న ఎవరి వైపూ చూడకుండా మంచినీళ్ళు పోసుకుంటూ పోయింది.

భోజనం కాగానే బీపీ మాత్ర వేసుకుని పెద్దసూది ఓ రెండు గంటలు నడుం వాల్చింది. అదీ ఆవిడ అలవాటే. టీచరూ రొట్టెలావిడా కూడా వసారాలో కునుకు తీశారు. పెద్దసూది లేచి ఇంకో వరస కుట్టింది. ఎండ తగ్గాక అందరూ నడకకి బయలుదేరారు. కాలవ మీద కొత్త వంతెన పడిందట, చూసొస్తారట.

"మోకాలు పట్టేసింది, మీరు వెళ్ళండి," అంది పెద్దసూది.

వాళ్ళ మాటలు వీధి మలుపు దాటగానే మోకాలు వదిలేసింది. భూతద్దం తెచ్చింది. నర్సమ్మ వైపు కర్ర విప్పి, దీపం వేసి, వరస వరసా వెతికింది. పైన బాగుంది. అడుగున తిప్పి చూసింది, అక్కడా బాగుంది. మనిషన్నాక ఎక్కడో ఒకచోట చెయ్యి జారాలి కదా? ఈవిడకెందుకు జారదు? కుట్లు విప్పే చిన్న కత్తి ఆవిడ చేతిలో ఉంది. ఎప్పుడు తీసిందో ఆవిడకే గుర్తులేదు. ఒక కుట్టు కిందకి మొన దూర్చి, టక్కున కోసేసింది. ఒక్కటే. దారం రెండు పక్కలా చిన్న మీసంలా లేచింది.

తరవాత తన వైపు విప్పింది, పోల్చుకుందామని. చూసి అలాగే నిలబడిపోయింది. తనదే బాగుంది. భూతద్దం తుడిచి మళ్ళీ చూసింది. సందేహం లేదు, నర్సమ్మ కుట్టు కంటే ఇంకా సన్నం, ఇంకా సాపు. ఒంటరిగా ఉన్న గదిలో గట్టిగా నవ్వింది. అనవసరంగా ఆ కుట్టు కోశానే అనుకుంది కూడా. పండు పండే కొద్దీ తీపి అన్నట్టు, తన చెయ్యి తిరుగుతోందే గానీ తగ్గలేదు. ముచ్చటేసి ఎడమ చివరి నుంచి వేలు పెట్టి వరస తడుముకుంటూ వచ్చింది.

అక్కడ ఏదో తేడాగా తోచింది. కుట్టేటప్పుడు మొదటి ముడిని దూదిలోకి లాగేస్తారు. కంటికి కనపడదు, వేలికి మాత్రం ఆవగింజలా తగులుతుంది. కుడిచేత్తో కుట్టేవాళ్ళు కుడి చివర మొదలుపెడతారు. ఈవిడ ఎడమచేతి మనిషి, ఎడమ చివర మొదలుపెడుతుంది. ఆ వరసకి ఎడమ చివర ముడి లేదు. కుడి చివర ఉంది. రెండో వరసకీ అంతే. మూడోదానికీ అంతే.

ఒక్క వరసకి మాత్రం ముడి ఎడమ చివర తగిలింది. పడుకుని లేచాక కుట్టిన వరస అది. దాని మీద భూతద్దం పెట్టింది. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి గీత దాటి పక్కకి. ఎక్కడో చూసిన కుట్లలా ఉన్నాయే అనుకుంది. చూడకేం, ఇన్నేళ్ళు తను విప్పి పారేసిన కుట్లన్నీ ఇలాంటివే.

తను పడుకున్నప్పుడు ఎవరో తన వరసలు విప్పి తిరిగి కుట్టారు. ఎవరో ఏమిటి, ఇంకెవరు? అంత సన్నంగా కుట్టగలిగేది ఆ ఇంట్లో ఇంకెవరు? పోటీకి రాను అంటూనే, జాలిపడి, తన పని కూడా చేసి పెట్టిందన్నమాట. గెలిచినా బాగుండేది. జాలిపడటమా? పోనీ అందరినీ పిలిచి అడుగుదామంటే, నువ్వెందుకు కర్రలు విప్పి చూశావంటారు. దొంగకి తేలు కుట్టినట్టయింది. వాళ్ళు వచ్చేసరికి కర్రలు ఎప్పట్లా చుట్టేసి ఉన్నాయి, ఈవిడ మోకాలికి తైలం రాసుకుంటోంది.

ఆదివారం పొద్దున వంటింట్లో టీ కాస్తూ, పాలగిన్నె తెచ్చిన నర్సమ్మని నిలేసింది.

"నా వైపు కుట్లు ముట్టుకున్నావా నువ్వు?"

"నేనా?" నర్సమ్మ తెల్లబోయింది. "నా వైపే నాకు తెమలడం లేదక్కా. నీది నేనెందుకు ముట్టుకుంటాను?"

"అబద్ధాలొద్దు. నేను పడుకున్నప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

నర్సమ్మ చూపు గుమ్మం వైపు పోయింది. చిన్న అక్కడ కప్పుల పళ్ళెంతో నిలబడి ఉంది. నర్సమ్మ పాలగిన్నె అక్కడే పెట్టి, తప్పుకుని వెళ్ళిపోయింది.

"నేనేలే అక్కా," అంది చిన్న. "ఆవిడని ఏమీ అనకు."

"నువ్వా?" పెద్దసూదికి నవ్వూ ఏడుపూ కానిది ఏదో వచ్చింది. "నీకు కుట్టడం ఎక్కడ వచ్చే?"

"ఏటా నావి విప్పి నువ్వు కుట్టేదానివి కదా. అవి చూసి నేర్చుకున్నా. పైన గదిలో పాత దుప్పటి మీద కుట్టుకుని, నేనే విప్పుకునేదాన్ని."

"నేను విప్పుతున్నానని నీకు తెలుసా?"

"నా చేతి కుట్టు నాకు తెలియదా అక్కా?"

టీ పొంగి స్టవ్వు మీద పడింది. ఇద్దరూ కదల్లేదు.

"అంత బాగా వస్తే మరి నీ వైపు కాకి కాళ్ళేమిటి?"

"ఎలాగూ నువ్వు విప్పుతావుగా," అంది చిన్న. కోపంగా అనలేదు. "అక్కడ బాగా కుట్టి ఏం లాభం?"

పెద్దసూది స్టవ్వు ఆపింది. గుడ్డ తీసుకుని తుడిచింది. తుడిచిందే తుడుస్తూ అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు. నీ చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచి. నువ్వు విప్పి కుట్టినవి కూడా, బొంత ఇచ్చిరమ్మని నా చేతికి ఇస్తావు కదా, అప్పుడు సరిచేసేదాన్ని. నలుగురిలో నీ పేరు పోతే నాకు మాత్రం బాగుంటుందా?"

"పోయినేడు మధ్య పువ్వు?"

చిన్న కప్పులు సర్దుతోంది.

"అదీ నువ్వేనా?"

చిన్న సర్దిన కప్పులే మళ్ళీ సర్దింది. పోయినేడు ఆ పువ్వుని ఫోటో తీసి టీచరు బడిలో గోడకి అంటించింది. రొట్టెలావిడ తన దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. ఆ మెచ్చుకోళ్ళన్నీ పెద్దసూది ఇంటింటా తిరిగి మూటగట్టుకుని తెచ్చుకుంది. నర్సమ్మని చూసి ఏడాది పొడుగునా కుళ్ళుకుని చచ్చింది. చాపకింద నీరులా, నీళ్ళు అందిస్తూ, నవ్వించుకుంటూ, పక్కనే తిరిగిన మనిషి మీద మాత్రం ఒక్క పూట కూడా అసూయపడలేదు. ఆ బాకీ అంతా ఇప్పుడు ఒక్కసారిగా తీరుతున్నట్టు గుండెల్లో మంట లేచింది.

ముందుగదిలోంచి టీచరు కేకేసింది. అప్పటికే రెండు కర్రలూ విప్పి పెట్టారు. టీచరు కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూస్తోంది.

"నర్సమ్మా, ఇక్కడ దారం తెగింది చూశావా? పెద్దసూది వైపు చూడు, ఆఖరి వరస కాస్త అటూ ఇటూ అయినా మిగతాదంతా ముత్యాలు. పెద్దసూది పెద్దసూదే. పెద్దసూదీ, పువ్వు నీదేనమ్మా."

"దారం పాతదేమో," అంది నర్సమ్మ. తెగిన కొస వేలితో సర్దింది. చిన్న టీ కప్పులు పంచుతోంది, తల ఎత్తకుండా. తనంతట తను చెబితే తప్ప ఇంకెవరూ చెప్పరని పెద్దసూదికి అర్థమైంది. సూది తీసుకుంది. గీసి ఉన్న పువ్వు మీద మొదటి పోటు కోసం మొన ఆనించింది. మొన గీత మీద నిలవలేదు. మళ్ళీ ఆనించింది.

"ఇది చిన్నకివ్వండి," అంది.

రొట్టెలావిడ పకపకా నవ్వింది. "కాకి కాళ్ళకా? బాగుంది వేళాకోళం."

"వేళాకోళం కాదు. ఆ ముత్యాలు అదే కుట్టింది. పోయినేటి పువ్వు కూడా అదే."

ఎవరూ నవ్వలేదు. మంచితనంతో అంది అనుకోకండి. నర్సమ్మకి పోనివ్వడం కంటే ఇది నయమనుకుంది, సగం. మిగతా సగం ఏమిటో ఆవిడకీ తెలియదు. కోసిన కుట్టు సంగతి మాత్రం నోరెత్తలేదు.

చిన్న చీర చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి నడిమధ్య కూర్చుంది. అక్క వైపు ఒకసారి చూసింది. "తప్పు కుడితే విప్పుతావా?" అంది.

"విప్పుతాను."

పెద్దసూది కుర్చీ దగ్గరికి జరుపుకుని, భూతద్దం పట్టుకుని, తోడికోడలి చేతి మీదికి వంగింది. ఒక్క కుట్టు, ఒకే ఒక్కటి, గీత దాటితే చాలనుకుంటూ పువ్వు పూర్తయ్యేదాకా రెప్పవెయ్యకుండా చూసింది. ఒక్కటీ దాటలేదు.