టాటా చెప్పి ఆపిన రైలు

నేనొకసారి రైలు ఆపాను. గొలుసు లాగి కాదు, పట్టాల మీద పడుకుని కాదు. టాటా చెప్పి ఆపాను. బొబ్బిలి బజారు నుంచి సంచులతో ఇళ్ళకు పోతున్న జనం, కాలేజీ పిల్లలు, తాతలు, బామ్మలు, బుట్టల్లో కోళ్ళు, అన్నీ ఆ సాయంత్రం నా టాటాకి కట్టుబడి పొలాల మధ్య నిలబడిపోయాయి. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నేను మాత్రం ఆ రోజు నవ్వలేదు.

అది రాష్ట్రం విడిపోయిన ఏడాది. మా ఊరు బొబ్బిలికి దగ్గర, ఊరి మొదట్లోనే రైలు గేటు. నాకు ఇరవై ఏళ్ళు, ఎలక్ట్రికల్ డిప్లొమా అయింది, అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి దరఖాస్తు పెట్టి కూర్చున్నాను. అంటే రైలు తోలే ఆయన పక్కన కూర్చునే ఉద్యోగం. నాకు రైళ్ళంటే పిచ్చి. మామూలు పిచ్చి కాదు, ఇంజన్ల నంబర్లు నోటుపుస్తకంలో రాసుకునే పిచ్చి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు ఈ సంగతి ఎత్తనని మా అమ్మ నాచేత ప్రమాణం చేయించుకుంది.

రోజూ సాయంత్రం పాసింజరు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేదాన్ని. దాని డ్రైవరుకి సగం నెరిసిన మీసాలు. ఏడాదిగా నేను చెయ్యి ఊపడం, ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి పొడుగ్గా హారన్ కొట్టడం. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకి తెలియదు. అయినా ఊరంతా చాటింపు వేశాను, నాకోసం రైలింజన్ కూస్తుందని. గొప్పలు చెప్పుకోవడానికి పేర్లెందుకు?

మా మేనమామ కొడుకు దానియేలు బావ ఒక్క మాటతో గాలి తీసేశాడు.

"ఓసే, గేటు కాడ హారన్ కొట్టకపోతే ఆడి ఉద్యోగం ఊడతాది. నువ్వు నిలబడినా కొడతాడు, మా గేదె నిలబడినా కొడతాడు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా గేదె అన్నా సరిపెట్టుకుందును, వాళ్ళ గేదె అన్నాడు. పొద్దున్నే లేచి పందెం కాశాను. గేటూ గీటూ లేని చోట నిలబడతాను, అక్కడ కూడా ఆయన హారన్ కొడితే అది నాకోసమే అని ఒప్పుకోవాలి. బావ ఒప్పుకున్నాడు. సాక్ష్యంగా వీడియో తీస్తానని కొత్త ఫోను కూడా జేబులో పెట్టుకున్నాడు.

ఊరికి కిలోమీటరు అవతల, మామిడి తోట వారగా, రైలు కట్టకి ఎడంగా ఒక గట్టు ఎంచుకున్నాను. ఎర్ర చున్నీ ఊపి ఉంటుందిలే అని మీరీపాటికి అనుకునే ఉంటారు. నన్నంత తక్కువ అంచనా వెయ్యకండి. ఎరుపు చూపిస్తే రైలు ఆగుతుందని నాకు తెలియదా? నోటుపుస్తకం మనిషిని. అందుకే ఏరికోరి, అక్కని బతిమాలి, చిలకపచ్చ చున్నీ తెచ్చుకున్నాను. పచ్చ అంటే పొమ్మనే కదా. ఏమీ తెలియనివాడు గోతిలో పడతాడు, సగం తెలిసినవాడు చున్నీతో సహా పడతాడు.

రైలొచ్చింది. ఆయన నన్ను చూడలేదు. ఎందుకు చూస్తాడు, నేనుండే చోటు గేటు కదా. కంగారు పుట్టింది. చెయ్యి ఊపాను, లాభం లేదు. పక్కన బావ నవ్వుతున్నాడు. ఇక రెండు చేతులూ నెత్తిమీదకెత్తి, చున్నీ రెండు కొసలూ పట్టుకుని, ఎగిరెగిరి ఊపాను.

బ్రేకులు కీచుమన్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు గర్వమే కలిగింది. నన్ను చూసి వేగం తగ్గించాడనుకున్నాను. ఇంకా తగ్గించాడు. ఇంకా తగ్గించి, నన్ను దాటి నాలుగు బారలు పోయి, ఆపేశాడు. పక్కకి చూస్తే బావ లేడు, మామిడి చెట్టు వెనకనుంచి అతని మోచెయ్యి కనిపిస్తోంది.

కిటికీల నిండా తలకాయలు. ఇంజన్లోంచి ఇద్దరు దిగారు. కుర్రవాడైన అసిస్టెంటు వంగి పట్టాలు చూసుకుంటూ ముందుకి పరిగెత్తాడు. మీసాలాయన నా దగ్గరికొచ్చాడు. దగ్గరగా చూడడం అదే మొదటిసారి. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏటైనాది తల్లీ? పట్టా ఇరిగిందా? ఎవులైనా పడిపోనారా?"

చెట్టు వెనకనుంచి బావ గుసగుస, ఇరిగిందని సెప్పేయ్ అని. ఒట్టు, చెప్పేద్దామనే అనుకున్నాను. విరిగిందంటే పేపర్లో నా ఫోటో పడుతుంది. నిజం చెబితే పోలీసులొస్తారు, కేసవుతుంది, రైలు ఆపిన కేసున్న మనిషికి రైల్వే ఉద్యోగం ఎవడిస్తాడు? కానీ ఆయన చెయ్యెత్తి నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఏడాదిగా నాకు ఊపిన చెయ్యి అది. నోట అబద్ధం రాలేదు.

"టాటా చెప్పానండి," అన్నాను.

"ఏటీ?"

"టాటా."

అప్పుడు మొదలుపెట్టాడు ఆయన. ఏమన్నాడో అంతా రాయను, మా అమ్మ చదువుతుంది. సారాంశం ఏమిటంటే, పచ్చదైనా నల్లదైనా గుడ్డ ఏదన్న లెక్కే లేదట. రెండు చేతులూ నెత్తిమీదకెత్తినా, ఏ వస్తువునైనా అలా గట్టిగా ఊపినా, ప్రమాదం, ఆపు అని అర్థమట. రైలువాళ్ళ రూల్సు పుస్తకంలో ఉందట. నా నోటుపుస్తకంలో లేదు.

నాకు ఏడుపొచ్చేసింది. చేతులు ఊపుతూ చేసిన పాపం చేతులు కట్టుకుని అనుభవించాలి కదా. కేసు పెట్టకండి, పరీక్షకి దరఖాస్తు పెట్టుకున్నానన్నాను. ఏం పరీక్ష అని అడిగాడు.

"మీ ఉద్యోగానికేనండి."

ఆయన నన్ను చూశాడు, చున్నీని చూశాడు, మీసాల కింద ఏదో కదిలింది. గట్టిగా నవ్వేశాడు.

అసిస్టెంటు తిరిగొచ్చి లైను బాగుందన్నాడు. రైలు చివరనుంచి గార్డు వాకీటాకీలో అడుగుతున్నాడు, ఆపిందెవరని. తప్పదు కదా అని నేనే నోరు తెరిచాను, నా పేరు అంటూ.

"సెప్పకమ్మా," అన్నాడు ఆయన గబుక్కున. "తెలిస్తే రిపోర్టులో రాయాల."

వాకీటాకీలో మాత్రం, ఎవరో పక్కన గుడ్డ ఊపారు, లైను చూశాం, ఏమీ లేదు, బయల్దేరుతున్నాం అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. బతికిపోయానురా దేవుడా అనుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆయన ఇంజను మెట్లెక్కుతుంటే లేచి వెళ్ళి అడిగాను, గేటు దగ్గర రోజూ కొట్టే హారన్ నాకోసమా, గేటు కోసమా అని. చెట్టు వెనక మోచెయ్యి కదలడం మానేసింది.

"హారన్ గేటుకేనమ్మా," అన్నాడు. "సెయ్యి నీకు. గేటుకి సెయ్యూపమని ఏ పుస్తకంలోనూ లేదు."

పందెం ఓడిపోయాను. అంత సంతోషంగా ఇంకెప్పుడూ ఓడలేదు.

ఆ ఉద్యోగం రాలేదనుకోండి, కేసు సాయం లేకుండా నేనే స్వయంగా పరీక్ష తప్పాను. కానీ ఆ రోజే పట్టాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరికి టాటా చెప్పినా ఒక్క చేత్తో, భుజం దాటకుండా, చున్నీ నడుముకి బిగించుకుని చెబుతాను. ఇప్పటికీ తప్పలేదు. ఆదివారం చర్చిలో పాట పాడుతూ అందరూ రెండు చేతులూ ఎత్తుతారు, నేను ఒక్కటే ఎత్తుతాను. ప్రభువు ఎంత పని మీద పోతుంటాడో ఏమో, నన్ను చూసి ఆయన కూడా ఆగి, దిగొచ్చి, ఏటైనాది తల్లీ అని అడిగితే ఏమని చెప్పను?